మూన తిరిగేదాకా



ఏటా అక్షయ తృతీయ దాటిందంటే మా నిడదవోలు జంక్షన్‌కి యాత్రల కళ వస్తుందండి. ప్లాట్‌ఫారం మీద వరసగా సంచులు. ఒకదాంట్లో ఆవకాయ, ఒకదాంట్లో కందిపొడి, సున్నుండల డబ్బా, కవరు కూడా చింపని కొత్త స్వెట్టర్లు. చార్‌ధామ్ వెళ్ళేవాళ్ళు కొందరైతే సాగనంపడానికి వచ్చేవాళ్ళు అంతకు మూడింతలు. రైలు కదిలేదాకా ఒకటే అప్పగింతలు. మోకాళ్ళ పట్టీలు పెట్టుకున్నావా, బీపీ బిళ్ళలు చేతిసంచిలోనే ఉంచుకున్నావా, చెవుల్లో దూది మరిచిపోకు. ఇన్ని అప్పగింతల్లో ఒక్క ప్రశ్న మాత్రం నా చెవిన పడదు. "కొండమీదికి చేరేలోగా మధ్యలో ఎన్ని రాత్రులు ఆగుతున్నారు?" అని ఎవరూ అడగరు. ఈ పూట నేను మీతో మాట్లాడాలనుకున్నది ఆ రాత్రుల గురించే.

స్టేషన్లో పసుపుపచ్చ బోర్డు మీద ఊరి పేరు కింద చిన్న అక్షరాలు చూసే ఉంటారు. సముద్రమట్టానికి ఆ చోటు ఎంత ఎత్తో అక్కడ రాస్తారు. మనది గోదావరి డెల్టా. మన ఎత్తు ముప్ఫై మీటర్లు కూడా ఉండదు. కేదారనాథుడి గుడి 3,583 మీటర్ల ఎత్తున ఉంది. అమరనాథ్ గుహ 3,888. మానససరోవరం అయితే 4,500 పైమాటే. ఎత్తు మనిషిని ఇబ్బంది పెట్టడం మొదలయ్యేది సుమారు 2,500 మీటర్ల దగ్గర. మరి మన రాష్ట్రం మొత్తం మీద ఎత్తయిన శిఖరం ఏది? అల్లూరి సీతారామరాజు జిల్లాలోని జిందగడ. అది 1,690 మీటర్లు. తిరుమల వెయ్యి మీటర్లు కూడా లేదు. ఏటా అలిపిరి మెట్లెక్కి మొక్కు తీర్చుకునేవాళ్ళకి కాళ్ళలో సత్తువ ఉంటుంది, సందేహం లేదు. కానీ ఎత్తు అనేదాన్ని వాళ్ళ ఒళ్ళు ఒక్కసారి కూడా చవిచూడలేదు. తెలుగునేల మీద ఎక్కడ నిలబడినా దాన్ని చవిచూసే వీల్లేదు. మన యాత్రికులకు వచ్చే చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

నేను మా ఊళ్ళో పాతికేళ్ళు సైన్సు పాఠాలు చెప్పాను. "కొండమీద గాల్లో ఆక్సిజన్ పాళ్ళు తక్కువ కదా మాస్టారూ" అని ప్రతి ఏడూ ఎవరో ఒక పిల్లవాడు అనేవాడు. పాళ్ళు తగ్గవండి. నిడదవోలులోనైనా ఎవరెస్ట్ కొనమీదైనా నూరు పాళ్ళ గాలిలో ఆక్సిజన్ ఇరవయ్యొక్క పాళ్ళే. తేడా ఎక్కడుందో చెప్పడానికి పిల్లల్ని కిటికీలోంచి గడ్డిమేటు చూడమనేవాణ్ణి. మేటు అడుగున గడ్డి పైనున్న బరువంతా మోస్తూ అదిమిపెట్టినట్టు ఉంటుంది. అక్కడ గుప్పెడు లాగితే గుప్పెడు నిండుగా వస్తుంది. మేటు పైన గడ్డి వదులుగా ఉంటుంది. అదే గుప్పెడు పట్టినా చేతిలోకి నాలుగు పరకలే వస్తాయి. గాలీ అంతే. మనం గాలిమేటు అడుగున బతికేవాళ్ళం. కేదారనాథ్ దగ్గర గాలి ఒత్తిడి మన దగ్గరున్నదానిలో మూడింట రెండు వంతులకు కొంచెం తక్కువ. 5,500 మీటర్ల దగ్గర సగం. ఎవరెస్ట్ మీద మూడో వంతు. అంటే కేదారనాథ్‌లో మీరు పీల్చే ప్రతి ఊపిరిలోనూ, ఇంటిదగ్గర ఒంటికి అందే ప్రాణవాయువులో మూడో వంతుకు పైగా కోత పడుతుంది.

ఆ కోతను ఒళ్ళు సర్దుకోగలదా? సర్దుకుంటుంది. ఎలా సర్దుకుంటుందో రైతు ఇళ్ళలో పుట్టినవాళ్ళకి చెప్పడం తేలిక. నారుమడిలో పచ్చగా నవనవలాడిన నారు పీకి చేలో నాటిన నాలుగు రోజులు ఎలా ఉంటుంది? తలలు వాల్చేసి, పసుపు తిరిగి, చచ్చిందేమో అన్నట్టుంటుంది. ఆ నాలుగు రోజులూ రైతు చేలో నీళ్ళు పలచగా ఉంచి, ఎరువు జోలికి పోకుండా ఓపిక పడతాడు. కొత్త వేరు దిగి, ఆకు నిలబడి, పచ్చదనం తిరిగొచ్చాక "మూన తిరిగింది" అంటాడు. కొండమీది మనిషికి జరిగేది ఇదే. మనమూ మూన తిరగాలి. దానికి పట్టే రోజులు పట్టి తీరతాయి.

ఒంట్లో ఏం జరుగుతుందో కొంచెం వివరంగా చెప్పనివ్వండి. ఎత్తుకు చేరిన గంటల్లోనే ఊపిరి వేగం పెరుగుతుంది, గుండె వేగం పెరుగుతుంది. ఊపిరి ఎక్కువ తీస్తే ఆక్సిజన్ ఎక్కువ వస్తుంది కానీ, లోపలి బొగ్గుపులుసు వాయువు కూడా ఎక్కువ బయటికి పోతుంది. అది పోతే రక్తం క్షారగుణం వైపు మొగ్గుతుంది. ఊపిరిని నడిపే మెదడు అది చూసి, చాలు, నెమ్మదించు అంటుంది. ఒక పక్క ఒళ్ళు గాలి కావాలంటుంటే ఇంకో పక్క మెదడు కళ్ళెం బిగిస్తుంటుంది. మొదటి రెండు మూడు రాత్రుల పోరాటం ఇదే. పక్కన పడుకున్న మనిషిని గమనిస్తే తెలుస్తుంది. ఊపిరి పెద్దదై పెద్దదై, తర్వాత చిన్నదై, కాసేపు ఆగిపోయినట్టే ఉంటుంది. మళ్ళీ ఒక్కసారి గట్టిగా పీల్చి మొదలవుతుంది. ఆ ఎత్తులో ఇది మామూలే. తెలియనివాళ్ళు మాత్రం రాత్రంతా భయంతో కూర్చుంటారు.

ఈ తగవు తీర్చేవి మూత్రపిండాలు. ఎక్కువైన క్షారాన్ని అవి కొంచెం కొంచెంగా మూత్రంలో బయటికి తోసేస్తాయి. అందుకే పైకి వెళ్ళిన మొదటి రోజుల్లో పదేపదే మూత్రానికి వెళ్ళాల్సి వస్తుంది. అది మంచి గుర్తు. ఆ పని జరిగేకొద్దీ కళ్ళెం వదులవుతుంది, ఊపిరి ధారాళంగా ఆడుతుంది, నిద్ర పడుతుంది, ఆకలి వేస్తుంది. ఇదంతా కుదుటపడడానికి రోజులు పడుతుంది. ఎర్రకణాలు పెంచమని మజ్జకు కబురు గంటల్లోనే వెళుతుంది కానీ, కొత్త కణాలు లెక్కకు వచ్చేసరికి వారాలు గడుస్తాయి. డబ్బు పెట్టి ఈ పనిని తొందరపెట్టలేం. దండిగా తిని, రోజూ పరుగెత్తి, కండలు పెంచుకుని వెళ్ళినా తొందరపెట్టలేం. నిజానికి గట్టి కాళ్ళున్న కుర్రవాళ్ళే తరచు దెబ్బతింటారు. వాళ్ళ కాళ్ళు వాళ్ళను రక్తం ఇంకా సిద్ధపడని చోటికి మోసుకుపోతాయి.

కాలం ఎంత పని చేస్తుందో చూపించే రెండు సంఘటనలు నేను ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చెబుతుంటాను. 1875 ఏప్రిల్ 15న పారిస్ దగ్గర జెనిత్ అనే బెలూన్ ముగ్గురు ఫ్రెంచివారిని ఎక్కించుకుని పైకి లేచింది. తిసాందియే, సివెల్, క్రోచే స్పినెల్లి వాళ్ళ పేర్లు. కొద్ది గంటల్లోనే అది ఎనిమిది వేల మీటర్లు దాటింది. వాళ్ళ దగ్గర ఆక్సిజన్ సంచులున్నాయి. తలపైనే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉన్నాయి. ఆ చెయ్యి ఎత్తే శక్తి వాళ్ళకు లేకపోయింది. బెలూన్ కిందికి దిగేసరికి ఇద్దరు ప్రాణాలతో లేరు. ప్రాణంతో మిగిలింది తిసాందియే ఒక్కడే. ఇక రెండోది. 1978 మే 8న రైన్‌హోల్డ్ మెస్నర్, పీటర్ హాబెలర్ అనే ఇద్దరు 8,849 మీటర్ల ఎవరెస్ట్ కొనమీద ఆక్సిజన్ సీసా లేకుండా నిలబడ్డారు. నిలబడి, నడిచి దిగివచ్చారు. బెలూన్‌లో వాళ్ళకు కొద్ది గంటలే దొరికాయి. వీళ్ళు వారాల తరబడి కొండ ఎక్కుతూ దిగుతూ ఒంటిని సిద్ధం చేసుకున్నారు.

మన తెలుగువాళ్ళ దగ్గరికి వద్దాం. 2014 మే 25, రాష్ట్రం రెండుగా విడిపోవడానికి సరిగ్గా ఎనిమిది రోజుల ముందు. నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. పూర్ణకు అప్పటికి 13 ఏళ్ళ 11 నెలలు. అంత చిన్న వయసులో ఆ శిఖరం ఎక్కిన ఆడపిల్ల అంతకుముందు ప్రపంచంలోనే లేదు. వార్త వచ్చిన రోజు మా బడిలో పిల్లల చేత చప్పట్లు కొట్టించాను. ఆ పిల్ల ధైర్యం గురించి అందరూ చెప్పారు, చెప్పవలసిందే. నాకు మాత్రం ఆమెను పైకి తీసుకెళ్ళిన దారి మీదే ఎక్కువ ఆసక్తి కలిగింది.

ఆ దారి భువనగిరి గుట్టమీద మొదలైంది. గురుకులాల అప్పటి కార్యదర్శి ప్రవీణ్ కుమార్ గారి పూనికతో, శేఖర్ బాబు గారి శిక్షణలో పిల్లలు ఆ ఏకశిల మీద తాడు పట్టుకోవడం, పట్టు దొరకబుచ్చుకోవడం నేర్చుకున్నారు. భువనగిరి చేతులకూ కాళ్ళకూ బడి. రక్తానికి కాదు, ఎందుకంటే ఆ గుట్ట ఎత్తు అందుకు ఏ మూలకూ చాలదు. అందుకని ఎంపికైన వాళ్ళను డార్జిలింగ్‌లోని హిమాలయ పర్వతారోహణ సంస్థకు పంపారు. అక్కడ మంచుకొండల మీద ఐదు వేల మీటర్ల ఎత్తు చూశారు. ఆ తర్వాత చలికాలంలో లద్దాఖ్. లేహ్ పట్టణమే 3,500 మీటర్లు. ఇవన్నీ అయ్యాక టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్. ఆ వైపు మొదటి మకాం సుమారు 5,200 మీటర్ల దగ్గర ఉంటుంది. అక్కడిదాకా బండి వెళుతుంది. బండి వెళ్ళినంత మాత్రాన మనిషి వెళ్ళిపోకూడదు. అక్కడ రోజులు గడపాలి. పై మకాంకు ఎక్కి, మళ్ళీ కిందికి వచ్చి పడుకోవాలి. ఇంకాస్త పైకి వెళ్ళి, మళ్ళీ దిగాలి. పగలు పైకి, రాత్రి కిందికి అనేది కొండవాళ్ళ సూత్రం. ఎక్కినప్పుడు ఒంటికి కబురు అందుతుంది. దిగి పడుకున్నప్పుడు ఒళ్ళు ఆ పని చేసుకుంటుంది. ఒకే కొండను నాలుగైదుసార్లు ఎక్కినంత శ్రమ అది. చివరి ఒక్కరోజు ఫోటో మనం చూశాం. ఆ ఫోటో వెనక వారాల తరబడి ఈ ఎక్కుదిగుళ్ళు ఉన్నాయి.

మల్లి మస్తాన్ బాబు గురించి చెప్పకుండా ఉండలేను. నెల్లూరు జిల్లా సంగం దగ్గర గాంధీ జనసంగం ఆయన ఊరు. కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివారు. మన గోదావరి పక్క కోరుకొండ కాదండి, విజయనగరం దగ్గరిది. 2006లో ఏడు ఖండాల్లోని ఎత్తయిన ఏడు శిఖరాలను 172 రోజుల్లో ఎక్కారు. జనవరి 19న అంటార్కిటికాలో మొదలుపెట్టి, ఫిబ్రవరిలో దక్షిణ అమెరికాలోని అకాంకాగువా, మార్చిలో కిలిమంజారో, ఏప్రిల్ 1న ఆస్ట్రేలియాలోని కోసియుస్కో, మే 21న ఎవరెస్ట్, జూన్ 13న ఎల్‌బ్రుస్, జూలై 10న అలాస్కాలోని దెనాలి. ఈ తేదీల మధ్య ఎడం చూడండి. కోసియుస్కో నుంచి ఎవరెస్ట్‌కు యాభై రోజులు. ఎవరెస్ట్ నుంచి ఎల్‌బ్రుస్‌కు ఇరవై మూడు. ఎంత వేగం చూపించిన మనిషైనా ఎవరెస్ట్ దగ్గర ఆ యాభై రోజులూ ఇవ్వక తప్పలేదు. ఎవరెస్ట్ మీద కూడిన అలవాటు మిగతా రెంటికీ కొంత తోడొచ్చి ఉంటుందని నా ఊహ. ఆ అలవాటు దిగాక కొద్ది వారాల్లోనే కరిగిపోతుంది. ఆలోగానే తర్వాతి కొండకు చేరుకోవాలి. 2015 ఏప్రిల్‌లో ఆండీస్ పర్వతాల్లో ఆయన మరణవార్త వచ్చినప్పుడు ఎవరో బంధువు పోయినంత బాధ కలిగింది నాకు. నలభై ఏళ్ళే ఆయనకు.

మన సైన్యం ఈ పాఠం ఇంకా కఠినంగా నేర్చుకుంది. 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు మైదానాల్లోని జవాన్లను ఉన్నట్టుండి హిమాలయాల మీదికి తరలించాల్సి వచ్చింది. తూటా తగలకుండానే ఎందరో మంచాన పడ్డారు. ఇందర్ సింగ్ అనే సైనిక వైద్యుడూ ఆయన సహచరులూ 1,925 మంది సైనికులను పరిశీలించి 1969లో రాసిన వ్యాసం ఎత్తు వల్ల వచ్చే ఈ జబ్బు గురించి ప్రపంచానికి ఎంతో నేర్పింది. ఇవాళ మన సైన్యంలో నియమం ఇది. 9,000 నుంచి 12,000 అడుగుల మధ్య ఆరు రోజులు, 12,000 నుంచి 15,000 మధ్య నాలుగు, ఆ పైన మరో నాలుగు. మొదటి రెండు రోజులు ఉత్త విశ్రాంతి, తర్వాత నెమ్మది నడక, ఆ తర్వాతే బరువు. సెలవుకు ఇంటికి వచ్చి పది రోజులు దాటి తిరిగి వెళితే మళ్ళీ అలవాటు చేసుకోవాల్సిందే. ఇరవై ఏళ్ళ జవానుకే ఇన్ని రోజులు ఇస్తుంటే, అరవై దాటిన మన అత్తలకూ బాబాయిలకూ రెండు రోజులు ఎలా సరిపోతాయండీ?

ఇది నేను ఊరికే అడగడం లేదు. ఎనిమిదేళ్ళ కిందట మా మేనత్తను వెంటబెట్టుకుని కేదారనాథ్ వెళ్ళాను. నిడదవోలు, తణుకు, తాడేపల్లిగూడెం వాళ్ళం నలభై మందిమి. యాత్ర నడిపినవాళ్ళు ఎవరన్నది ఇప్పుడు అనవసరం. మంచి భోజనం పెట్టారు, మర్యాదగానే చూశారు. కానీ కార్యక్రమం ఇలా వేశారు. హరిద్వార్‌లో ఒక రాత్రి. మర్నాడంతా బస్సులో గుప్తకాశీ. మూడోరోజు తెల్లారకుండా బయల్దేరి గౌరీకుండ్, అక్కడినుంచి గుర్రాల మీద సాయంత్రానికి కేదారనాథ్. హరిద్వార్ సుమారు 300 మీటర్లు. నలభై ఎనిమిది గంటల్లో 3,583. సైన్సు మాస్టారుగా నేను ఆ కాగితం చదివి ఆపవలసింది. ఆపలేదు. గుర్రం దిగేసరికి అత్తకు తలనొప్పి. "ఎండకు పైత్యం చేసింది, నిమ్మరసం తాగితే తగ్గుతుంది" అన్నారు అందరూ. తాగింది, కక్కేసింది. రాత్రి అన్నం వద్దంది. పదకొండు గంటలకు బయటికి వెళ్ళాలని లేచి తూలి గోడ పట్టుకుంది. అప్పుడు నాకు అర్థమైంది. అక్కడి వైద్యశిబిరంలో డాక్టరు గారు ఆమెను నేలమీద గీత వెంట, మడమకు బొటనవేలు ఆనించి నడవమన్నారు. వరిగట్ల మీద తలపై అన్నంగిన్నె పెట్టుకుని ఎంతో దూరం నడిచిన మనిషి మా అత్త. నాలుగు అడుగులు నడవలేకపోయింది. తెల్లవార్లూ ఆక్సిజన్ పెట్టి, వెలుగు రాగానే కండీలో, అంటే మనిషి వీపుకు కట్టుకునే బుట్టలో, కిందికి దించాం. గుడి తలుపు ఎదురుగా కనిపిస్తోంది. దర్శనం కాలేదు. దారి పొడుగునా కళ్ళు మూసుకునే ఉంది. మధ్యాహ్నానికి గౌరీకుండ్ చేరాం. అక్కడ కళ్ళు తెరిచి, "ఒరేయ్, ఆకలేస్తోందిరా" అంది. 1,600 మీటర్లు దిగితే ఏ మందూ చెయ్యని పని జరిగిపోయింది.

ఆ రాత్రి నేను చూసింది మెదడుకు నీరు పట్టడం మొదలైన దశ. ఇంకొకటి ఉంది, దాన్ని మనవాళ్ళు మరీ పొరబడతారు. సాధారణంగా రెండో రాత్రి వస్తుంది. పొడి దగ్గు, కూర్చున్నా ఆయాసం, పడుకుంటే ఎక్కువ, పెదవులు నీలంగా మారడం, చివరికి గులాబీ రంగు నురగ. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతోందని దానర్థం. "చలికి నిమ్ము చేసింది" అని ఛాతీకి మందు రాసి, దుప్పటి కప్పి, తెల్లారాక చూద్దాం అంటారు. తెల్లారేదాకా ఆగే జబ్బు కాదది. విశ్రాంతిగా కూర్చున్న మనిషికి ఆయాసం తగ్గకపోతే, నడక తూలితే, మాట తడబడితే, ఆ క్షణమే దించే ఏర్పాటు చెయ్యాలి. డాక్టరు దగ్గర మందులుంటాయి, ఆక్సిజన్ ఉంటుంది, అవి దించేలోపు ప్రాణం నిలబెడతాయి. దించడానికి బదులుగా మాత్రం పనికిరావు. ఒట్టి తలనొప్పి, వికారం అయితే ఇంకా పైకి వెళ్ళకుండా ఉన్నచోటే ఒకటి రెండు రోజులు ఆగితే చాలావరకు సర్దుకుంటుంది.

మన ఆడవాళ్ళకు ఒక మాట. దారిలో మరుగు దొరకదని పొద్దుటినుంచీ నీళ్ళు మానేస్తారు. దానికి తోడు సోమవారమనో ఏకాదశనో ఉపవాసం. పొడిగాలిలో, ఎక్కువ ఊపిరితో, ఒంట్లో నీరు మామూలుకంటే తొందరగా పోతుంది. మూత్రపిండాలు పని చెయ్యవలసిన రోజుల్లో వాటికి నీళ్ళు ఆపకండి తల్లీ. ఉపవాసం ఇంటికి వచ్చాక చేసుకోండి. నిద్ర పట్టడం లేదని నిద్రమాత్ర వెయ్యకండి, ఊపిరిని మరింత అణుస్తుంది. మద్యమూ అంతే. డయామాక్స్ అనే బిళ్ళ ఉంది. మూత్రపిండాలు క్షారాన్ని బయటికి పంపే పనిని అది త్వరపెడుతుంది. ఎక్కడానికి ముందురోజు నుంచి వాడతారు. సల్ఫా మందులు పడనివాళ్ళకు అది పడకపోవచ్చు. షుగరు, గుండె మందులు వాడేవాళ్ళూ ఉంటారు. కాబట్టి ఊళ్ళో మీ డాక్టరు గారిని అడిగే తీసుకోవాలి. మెడలో వేలాడే చిన్న ఆక్సిజన్ డబ్బా కొన్ని నిమిషాల ఊరట మాత్రమే.

పూర్వం ఇన్ని మాటలు చెప్పే అవసరం రాలేదు. మా ముత్తాతల కాలంలో బదరీ కేదారాలకు వెళ్ళినవాళ్ళు ఋషీకేశ్ నుంచి కాలినడకనే వెళ్ళారు. రోజుకు కొన్ని క్రోసులు, సాయంత్రం ఒక చట్టీలో, అంటే దారిపక్క సత్రంలో, మకాం, పిండీ పప్పూ కొనుక్కుని వంట. అలా వారాలు. వాళ్ళకు దారిలో కలరా భయం ఉంది, జారిపడే భయం ఉంది. ఎత్తు భయం మాత్రం తక్కువ. చట్టీ చట్టీకీ ఒళ్ళు మూన తిరుగుతూ పోయింది. మన విజ్జేశ్వరం లాకుల్లో పడవ చూసినవాళ్ళకి ఇది బాగా తెలుస్తుంది. కింది మట్టంనుంచి వచ్చిన పడవను తొట్టిలో ఆపి, వెనక తలుపు మూసి, నీరు నెమ్మదిగా నింపి, పై మట్టం దాకా లేచాక ముందు తలుపు తీస్తారు. ఎంత తొందరున్న సరంగైనా నీరు నిండేదాకా గెడ పట్టుకుని కూర్చోవాల్సిందే. ఇప్పుడు రోడ్డు, బస్సు, హెలికాప్టరు ఆ తొట్టెలన్నీ తీసేశాయి. గుప్తకాశీ దగ్గర హెలికాప్టర్ ఎక్కితే కొద్ది నిమిషాల్లో కేదారనాథ్. రోడ్డు వద్దని నేను అనను, అది లేకపోతే మా అత్తలాంటివాళ్ళు ఆ గుడి చూడనే లేరు. తీసేసిన ఆ రాత్రుల్ని మళ్ళీ మనమే చేర్చుకోవాలి.

ఎన్ని? పర్వతవైద్యులు చెప్పే లెక్క తేలికైనది. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు ముందు రాత్రికంటే 500 మీటర్లకు మించి పెరగకూడదు. మూడు నాలుగు రోజులకొకసారి అదే ఎత్తులో ఇంకో రాత్రి ఆగాలి. అమరనాథ్ వెళ్ళేవాళ్ళకు పహల్‌గామ్ దారిలో ఇది కొంత దానంతటదే అమరుతుంది. శేషనాగ్‌లో పడుకుని, సుమారు 14,000 అడుగుల మహాగుణాస్ కనుమ దాటి, మళ్ళీ కిందికి దిగి పంచతరణిలో పడుకుంటారు. బాల్తాల్ దారి పొట్టిది. పొట్టి దారే మేలని చాలామంది అటు మొగ్గుతారు. వయసు మళ్ళినవాళ్ళు ఈ తేడా తెలిసి ఎంచుకోవాలి.

మా అత్త విషయం సగంలో వదిలేశాను. దర్శనం కాలేదన్న దిగులు ఆమెను రెండేళ్ళు వదల్లేదు. పండగకు వెళ్ళినప్పుడల్లా అదే మాట. "గుమ్మం దాకా తీసుకెళ్ళి తిప్పేశావురా." మూడో ఏడు డాక్టరు చేత గుండె, ఊపిరి అన్నీ చూపించి, మేము ఎనిమిది మందిమే ఒక వ్యాను మాట్లాడుకున్నాం. ఈసారి కాగితం నేను రాశాను. హరిద్వార్, గుప్తకాశీల తర్వాత నేరుగా కేదారనాథ్ పోకుండా ఊఖీమఠ్ మీదుగా చోప్తాకు తిరిగాం. చోప్తా 2,700 మీటర్ల లోపు. అక్కడ మూడు రాత్రులు. మొదటి రోజు ఏ పనీ లేదు, దేవదారు చెట్ల కింద కుర్చీలు వేసుకుని కబుర్లు. రెండో రోజు నెమ్మదిగా తుంగనాథ్. పంచకేదారాల్లో ఒకటి, సుమారు 3,680 మీటర్లు, కేదారనాథ్ కంటే ఎత్తు. పదడుగులకొకసారి ఆగుతూ, కొంత దూరం గుర్రం మీద వెళ్ళి, దర్శనం చేసుకుని, సాయంత్రానికి మళ్ళీ చోప్తాకు దిగి పడుకున్నాం. పగలు పైకి, రాత్రి కిందికి. ఆ రాత్రి అత్తకు కొంచెం తల పట్టేసింది. మర్నాడంతా ఆగాం, తగ్గిపోయింది. తోటివాళ్ళు ఇద్దరు విసుక్కున్నారు. "రెండు రోజులు ఊరికే పోయాయి" అన్నారు. ఆమె మాత్రం, "అడగని కేదారం ఇంకోటి దొరికింది కదా" అంది.

చోప్తాకు వచ్చిన నాలుగో రోజు కేదారనాథ్ చేరాం. సాయంత్రం నేను ఆమె ముఖమే చూస్తూ కూర్చున్నాను. తలనొప్పి ఉందా అని మూడుసార్లు అడిగాను. మూడోసారి కసిరింది. గీత మీద నడవమంటే, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని గట్టుమీద నడిచినట్టు ఆ చివరిదాకా నడిచి, అక్కడ తిరిగి, మళ్ళీ వచ్చింది. రాత్రి ఊపిరి అప్పుడప్పుడు ఆగి ఆగి నడిచింది. నేను భయపడలేదు. తెల్లవారుజామున మంచుకొండల మీద వెలుగు పడే వేళకు వరసలో నిలబడి లోపలికి వెళ్ళొచ్చింది. గుడి వెనక పెద్ద బండ దగ్గర కాసేపు మాట్లాడకుండా కూర్చుంది. ఆ తర్వాత మకాంకు వచ్చి సంచి విప్పి, నిడదవోలు నుంచి తెచ్చిన ఆవకాయ సీసా బయటికి తీసి, వేడన్నం ఎక్కడ దొరుకుతుందో కనుక్కుని రమ్మని నన్ను పంపింది.